సైటేషన్లు చూడ్డానికి గజపతినగరం

బస్సెక్కేటప్పుడు ఎండు నెత్తళ్ళనీ ఆధార్ కార్డునీ ఒకే సంచిలో పెట్టకండి. ఇప్పుడు ఆడవాళ్ళకి బస్సు ఊరికే కాబట్టి కార్డు చూపించాలి. శ్రీకాకుళం కాంప్లెక్సులో నేను తీసి ఇచ్చిన కార్డుని కండక్టరు రెండు వేళ్ళతో అంచు పట్టుకుని, ముఖం పక్కకి తిప్పుకుని చూశాడు.

"ఏటి మామ్మా, ఇది కార్డా, సేపా?" అన్నాడు.

"టిక్కెట్టు కొట్టు నాయనా. వాసనకి వేరే సార్జీ లేదు గదా," అన్నాను.

బస్సంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న మనవరాలు హైమ మాత్రం కిటికీలోంచి బయటికే చూస్తోంది. ఆ పిల్ల నవ్వి చాలా రోజులైంది. ఈ ప్రయాణం సగం దానికోసమే.

మాది కళింగపట్నం అవతల సముద్రం ఒడ్డు పల్లె. మగవాళ్ళు వేటకెళ్తారు, మేము చేపలు ఎండబెట్టి సంతల్లో అమ్ముతాం. నేను మూడో తరగతి దాకా చదివాను. హైమ నా కొడుకు కూతురు, హైదరాబాదులో మెదడు మీద పరిశోధన చేస్తోంది. చేస్తోంది అనాలో, చేసేది అనాలో అప్పటికి తెలీదు. సెలవలకని వచ్చి, ఇంక వెనక్కి వెళ్ళనంది. బ్యాంకు పరీక్షలు రాసుకుంటానంది.

మా బావగారి భార్య గురమ్మకి కూడా ఒక మనవరాలుంది. కూతురి కూతురు, గౌరి. బెంగుళూరులో పెద్ద శాస్త్రవేత్త, అదీ మెదడు మీదే. చిన్నప్పుడు గజపతినగరంలో చదువుకుంది, వాళ్ళ నాన్న అక్కడ మాస్టారు. ఆ బడివాళ్ళు ఇప్పుడు గౌరికి సన్మానం పెట్టారు. గురమ్మ ఫోన్ చేసి పిలిచింది.

"మా గుంటకి సన్మానమట సెల్లీ. సైటేసన్లు వేలు దాటీసినాయట. నువ్వొచ్చి సూస్తే నీ కళ్ళు సల్లబడతాయి," అంది.

నా కళ్ళు చల్లబడవని దానికీ తెలుసు, నాకూ తెలుసు. మేమిద్దరం ఒకే ఏడాది ఆ ఇంటి కోడళ్ళమయ్యాం. ముందు దానికే బంగారు గాజులు వచ్చాయి, ముందు దాని ఇంటికే కరెంటొచ్చింది. ఇప్పుడు ఈ సైటేషన్లు. అవి ఏమిటో తెలియకుండానే నాకు కడుపు మండింది. వెళ్ళకపోతే కుళ్ళుకుని రాలేదంటుంది. అందుకని హైమని బలవంతంగా బయల్దేరదీశాను.

పొందూరు దారి

చీపురుపల్లి బస్సులో మా పక్క సీటులో ఒక రైతు మనిషి కూర్చుంది. ఒళ్ళో నువ్వుల మూట. మా సంచి వాసన పట్టి, "నెత్తళ్ళేనా?" అని అడిగింది. గుప్పెడు తీసి ఇచ్చాను. ఆవిడ వెంటనే మూట విప్పి గుప్పెడు నువ్వులు నా కొంగులో పోసింది. చేప ఇస్తే గింజ ఇచ్చే అలవాటు ఆ పక్క ఇంకా పోలేదు. మా ఒడ్డున ఇప్పుడు అన్నిటికీ ఫోను చూపించి డబ్బులు కొట్టడమే.

"మనవరాలా? ఏటి సదువుతున్నాది?" అని అడిగింది.

"ఎలకల్ని నిద్రపుచ్చి, వాటికి వాసన సూపిస్తాది," అన్నాను.

"ఓలమ్మా! మా గాదె కాడికి అంపించు తల్లీ. అక్కడ ఒక్కటీ నిద్రపోదు."

హైమకి కోపం వచ్చింది. ఆవిడ పొందూరులో దిగిపోయాక, "నా పని అందరికీ నవ్వులాట అయిపోయినాది మామ్మా," అంది.

"నాకు సరిగ్గా సెప్పు. నవ్వను," అన్నాను.

అప్పుడు చెప్పింది. ఎలుక నిద్రపోతున్నప్పుడు దాని గూట్లోకి ఒక వాసన వదులుతారట. లేచాక ఆ వాసన ఉన్న చోట తిండి దాస్తే, ఎంత బేగి కనిపెడుతుందో చూస్తారట. ఆడ ఎలుకలు మగవాటికంటే బాగా గుర్తుంచుకున్నాయని హైమ కనిపెట్టి రాసింది. నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. గురమ్మ నన్ను ఏ పెళ్ళిలో ఏమందో నాకు మాట మాట గుర్తుంది, మా ఆయనకి ఆ పెళ్ళే గుర్తులేదు.

"మరి సైటేసనంటే ఏటే?"

"నేనొకటి రాసాననుకో. రేపు ఆ సంగతి మీద ఇంకెవరన్నా రాసినప్పుడు, ఇది ఫలానా హైమ ముందే సెప్పింది అని నా పేరు రాయాలి. అలా ఒకరు రాస్తే ఒక సైటేషన్."

"రాయకపోతే?"

"నేనున్నట్టే ఎవలికీ తెలీదు."

ఈ ముక్క నాకు బాగా అర్థమైంది. మా వైపు పెళ్ళయిన పిల్లని అత్తారింటికి పంపితే పుట్టింటి నుంచి సారె వెళ్తుంది. అరిసెలు, లడ్డూలు, చలిమిడి ఊరంతా పంచుతారు. పంచే మనిషి ప్రతి గుమ్మం ముందూ ఆగి, "ఫలానావారింటి సారె" అని చెప్పి మరీ ఇవ్వాలి. పేరు చెప్పకుండా ఇస్తే మా పల్లెలో చెయ్యి చాపరు. చదువుకున్నవాళ్ళ సారె ఇదన్నమాట.

"గౌరి ఎన్ని రాసినాది?"

"వందకి పైనే. ఆవిడ పేరు సెప్పుకున్నవి వేలు. రాసినవి ఎన్ని, అందులో పదిమంది వాడుకున్నవి ఎన్ని అని సూసి మనిషికో అంకె వేస్తారు మామ్మా. ఉద్యోగానికెళ్తే ముందు అదే సూస్తారు."

"నీకో?"

"రాసింది ఒకటి. రెండేళ్ళైంది. సెప్పినోలు లేరు." కళ్ళు మూసుకుంది. నిద్రపోలేదు, నాకు తెలుసు.

ఇంత పిల్ల రెండేళ్ళుగా గుమ్మాలన్నీ తిరిగి ఒక్కరి చేతా పేరు చెప్పించుకోలేక కూర్చుందా! అక్కడికక్కడే అనుకున్నాను, గౌరి చేత దీని పేరు ఒక్కసారి రాయించాలని. వేలు ఉన్నదానికి ఒకటి రాస్తే అరిగిపోతుందా? హైమకి మాత్రం చెప్పలేదు. చెబితే దిగి వెనక్కి బస్సెక్కేస్తుంది.

చీపురుపల్లిలో సావిత్రి ఇల్లు

గౌరి తల్లి సావిత్రి చీపురుపల్లిలో ఇల్లు కట్టుకుంది, ఆ రాత్రికి అక్కడ దిగాం. గచ్చు ఎంత నునుపంటే నేను గుమ్మంలోనే జారాను. అప్పటికే అక్కడికి చేరి ఉన్న గురమ్మ పట్టుకుంది. పట్టుకున్నది గనక ఆ రాత్రంతా ఆ మాట ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది.

భోజనంలో చెరువు చేప పులుసు. ఆ ఊళ్ళో అదే చేప. ముక్క నోట్లో పెడితే బురద వాసన. మా పల్లెలో కుక్కకి పెట్టినా ఆలోచిస్తుంది. పనసపొట్టు ఆవ పెట్టి వండింది, అది మాత్రం అమృతం. రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. సావిత్రి పుణ్యాత్మురాలు, "ఇంకొంచెం పెట్టమంటావా పిన్నీ" అంటూనే ఉంది.

భోజనాలయ్యాక గురమ్మ ఫోను పట్టుకుని నా పక్కన చేరింది. అందులో నీలం కర్రలు వరసగా నిలబెట్టినట్టు బొమ్మ ఉంది. మొదటివి పొట్టివి, చివరికి పోనుపోను పొడుగు.

"ఇదిగో సూడు. ఏ ఏటికి ఎంతమంది మా గుంట పేరు సెప్పుకున్నారో ఆ లెక్క. అది పడుకున్నా ఇది పెరుగుతానే ఉంటాది సెల్లీ."

"ఊరికే పెరిగేది పడవ కింద నాచు," అన్నాను.

"మీ హైమది కూడా సూపించనా? ఇందులోనే ఉంటాదట."

హైమ లేచి లోపలికి వెళ్ళిపోయింది. గురమ్మ వేలు ఫోను మీద ఆగిపోయింది. కావాలని అనలేదేమో. అయినా నేను ఆ వేలిని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను, ఏం చేస్తానో అని నాకే భయం వేసేంతసేపు.

గజపతినగరం బడి

మర్నాడు సావిత్రి మాట్లాడిన వ్యానులో గజపతినగరం వెళ్ళాం. దారి పొడుగునా వరి, మధ్యలో మామిడి తోటలు. సముద్రం వినిపించని చోట వాళ్ళకి రాత్రుళ్ళు నిద్ర ఎలా పడుతుందో నాకు అర్థం కాదు.

బడి గేటుకి గౌరి బొమ్మ కట్టారు. మనిషంత ముఖం. కింద ఆమె పరిశోధన వ్యాసాలు ఎన్నో, సైటేషన్లు ఎన్నో పెద్ద అక్షరాలతో రాశారు. మా ఊళ్ళో ఎన్నికలకి నిలబడ్డవాళ్ళకి కూడా అంత బొమ్మ కట్టలేదు. టిఫిను పెట్టారు. ఉప్మా నీళ్ళగా ఉంది. చెట్నీ బాగుంది.

గౌరి విశాఖపట్నం నుంచి కారులో వచ్చింది. నూలు చీర, మెడలో ఒకే గొలుసు, నెరిసిన జుట్టుకి రంగు కూడా వెయ్యలేదు. నన్ను చూసి, "చిన్నమ్మమ్మా, ఎండు రొయ్యలు తెచ్చినావేటి?" అంటూ కావిలించుకుంది. దానిమీద కోపం తెచ్చుకుందామంటే చోటివ్వదు. అదింకా కోపం.

హెడ్మాస్టరు మైకులో ఆ అంకెలన్నీ మళ్ళీ చదివాడు. శాలువా కప్పారు. గురమ్మని కూడా వేదిక మీదికి పిలిచి కప్పారు. అది అంత ఎండలోనూ శాలువా తియ్యకుండా, చెమటలు కారుస్తూ, నావైపే చూస్తూ కూర్చుంది. నేను తిరగని ఫ్యాను కింద మూడో వరసలో ఉన్నాను. హైమ నా పక్కన చేతులు కట్టుకుని ఉంది.

గౌరి మాట్లాడింది. వాసన మెదడులోకి ఎలా వెళ్తుందో, చిన్నప్పుడు పీల్చిన వాసన ముసలితనంలో కూడా ఎందుకు గుర్తొస్తుందో చెప్పింది. పిల్లలు కదలకుండా విన్నారు. నేనూ విన్నాను. ఎక్కడన్నా నత్తి పడుతుందేమో, ఎక్కడన్నా మరిచిపోతుందేమో అని ఎదురు చూశాను. ఎక్కడా తడబడలేదు. హైమ చేతులు ఎప్పుడు విప్పుకుందో గాని, ముందుకి వంగి, నోరు కొద్దిగా తెరుచుకుని వింటోంది. వెనక్కి వెళ్ళనన్న పిల్ల వినే తీరు కాదది.

కుళాయి దగ్గర

భోజనాలయ్యాక గౌరి చేతులు కడుక్కోవడానికి వరండా చివరి కుళాయి దగ్గరికి వెళ్ళింది. వెనకాలే వెళ్ళాను.

"గౌరీ, ఒక మాటడుగుతాను. కాదనకు."

"సెప్పు చిన్నమ్మమ్మా."

"నీకు వేలమంది పేరు సెప్పినారు. మా హైమకి ఒక్కరూ సెప్పలేదు. అది సదువు మానీస్తానంటున్నాది. నువ్వు ఈసారి ఏటన్నా రాసినప్పుడు దాని పేరు ఒక్కసారి రాయ్. సారె పంచినప్పుడు పేరు సెప్తాం గదా, అలాగే. నీ సొమ్మేటీ పోదు."

గౌరి కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకోకుండా నిలబడింది.

"తినకుండా ఎవలి సారె బాగుందని సెప్పగలం చిన్నమ్మమ్మా? సుట్టరికానికి పేరు రాస్తే అది దొంగతనం కింద లెక్క మాకు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "గురమ్మ మనవరాలివి అనిపించినావు," అన్నాను.

"ఆగు. మొత్తం ఇను. నేను రాసీసినాను. వచ్చే నెల అచ్చులో వస్తాది."

"హైమ పేరా?"

"హైమ పేరే."

ఆ క్షణాన గౌరి కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకునేదాన్నే. అప్పుడే వెనక నుంచి హైమ గొంతు వినిపించింది. నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఎంతసేపు విన్నదో.

"ఏటి రాసారు వదినా?"

గౌరి ఇబ్బందిగా చూసింది. "నీకు రేపు ఫోన్ చేద్దామనుకున్నాను. నువ్వు చేసిందే మేము మా ల్యాబులో మళ్ళీ చేసాం హైమా. ఆడ ఎలకలకీ మగ ఎలకలకీ మాకు తేడా రాలేదు. అదే రాసాను. హైమ చెప్పిన ఫలితం మాకు రాలేదని."

ఒకటీ అరా కాదు, నా నోటికొచ్చినవన్నీ అన్నాను. "ఒక్కసారి పేరెత్తి, అదీ తప్పని సెప్పడానికా? సారె తిన్నాక అరిసె గట్టిగా ఉందని ఊరంతా సాటించినట్టు! పరాయోలు కూడా ఇంత పని సెయ్యరే!" అన్నాను. బడి పిల్లలు చుట్టూ మూగారు. హైమ నా భుజం మీద చెయ్యి వేసింది, నన్ను పక్కకి జరపడానికి.

"వదినా, గూళ్ళు దేంతో కడిగినారు?"

"అందరూ కడిగినట్టే. సబ్బు నీళ్ళతో."

"నేను సబ్బు వాడలేదు."

గౌరి తల పక్కకి వంచింది. "నీ వ్యాసంలో ఆ మాట లేదే."

"రాయాలని తోచలేదు వదినా. సబ్బు పెట్టకూడదని వేరే సెప్పాలేటి?"

ఇది చదివేవాళ్ళకి చెప్పాలి. మా పల్లెలో ఎండుచేపల బుట్టలకి సబ్బు తగలనివ్వం. తగిలిందంటే ఆ వాసన వెదురులోకి దిగిపోతుంది, చేప పట్టుకుపోయిన మనిషి మర్నాడు మా గుమ్మంలో పారేసి పోతుంది. ఉప్పునీళ్ళతో జాడించి ఎండకి బోర్లిస్తాం, అంతే. హైమ నడక నేర్చినప్పటి నుంచీ ఆ బుట్టల మధ్యే పెరిగింది. హైదరాబాదులో ఎలుకల గూళ్ళు తనే కడిగేదట. ఉట్టి నీళ్ళు పోసి, మేడ మీద ఎండబెట్టేదట. వాసన పని చేసే చోట వాసన పెట్టకూడదన్నది దానికి ఊపిరి తీసుకోవడం లాంటిది. ఊపిరి తీసుకున్నానని ఎవరు రాస్తారు?

గౌరి తన తడి చేతులు వాసన చూసుకుంది. తర్వాత మెల్లిగా నవ్వింది. "నేను ఈ బడిలో పెరిగాను గాని బుట్టలు కడగలేదు. మా గూళ్ళలో సబ్బు వాసన నీ వాసనని మింగీసిందంటావా?"

"మింగీసిందని ఇప్పుడే అనను. సూడాలి. సబ్బుతో ఒకసారి, సబ్బు లేకుండా ఒకసారి."

"అయితే చేసి, రాయి. నాది తప్పని తేలితే తప్పని రాయి."

వాళ్ళిద్దరూ ఆ కుళాయి గట్టు మీదే కూర్చుండిపోయారు. ఎలుకల వయసు, వెలుతురు, గది వేడి, ఇంక ఏమిటేమిటో. హెడ్మాస్టరు ఫోటో కోసం మూడుసార్లు మనిషిని పంపాడు. నేను తిట్టిన తిట్లకి నాకు ఎవరూ జవాబు చెప్పలేదు. పోయి మజ్జిగ తాగాను.

రామతీర్థం మెట్లు

మూడో రోజు రామతీర్థం. కొండ కింద కోవెల్లో దండం పెట్టుకున్నాం. పక్క కొండ మీద పాతకాలం బౌద్ధుల ఇటుకల కట్టడాలున్నాయని గౌరి హైమని తీసుకుని పైకి పోయింది. నేనూ గురమ్మా కొన్ని మెట్లెక్కి ఆయాసపడి కూర్చున్నాం. కొబ్బరికాయలమ్మే మనిషి, కింద ఉన్న ధర కంటే మెట్ల మీద ఎక్కువ చెప్పింది. ఎందుకే అంటే, "మోసుకొచ్చినాను గదమ్మా, నువ్వు నిన్ను నువ్వు మోసుకు రానేకపోతన్నావు" అంది. కొనలేదు.

గురమ్మ గాలి తీసుకుని, "మీ గుంటకిప్పుడు ఎన్నే?" అని అడిగింది.

"ఒకటి."

"ఆ ఒకటీ మాదే గదా!"

నిజమే. నా మనవరాలికి దొరికిన మొదటిది గురమ్మ ఇంటి చెయ్యి నుంచి రావాలా? గురమ్మ తన సీసాలో నీళ్ళు ఇవ్వబోతే దాహం లేదన్నాను. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది.

విజయనగరం స్టేషను నుంచి ఇంటికి

హైమ కొండ దిగి వచ్చి, "మామ్మా, నేను ఇంటికి రాను. విజయనగరంలో బండెక్కి హైదరాబాదు పోతాను. గూళ్ళు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట, ఈలోగా పట్టుకోవాలి," అంది.

"బట్టలో?"

"అంపించు."

"పార్సిలుకి ఎంతవుతాదో తెలుసా?" అన్నాను గాని, అప్పటికే సంచిలోంచి మిగిలిన నెత్తళ్ళు తీసి దాని బ్యాగులో కుక్కుతున్నాను. స్టేషను దగ్గర ఇడ్లీ తిన్నాం, గట్టిగా ఉన్నాయి, ధర కూడా గట్టిదే, ఊరి పేరు చూసి రేటు వేస్తారేమో. బండి కదిలేటప్పుడు హైమ చెయ్యి ఊపింది. నవ్వింది. ఆ నవ్వు తెప్పించింది నేను కాదు, గౌరి. అది కూడా నాకు ముల్లులా గుచ్చుకుంది, చెప్పుకుంటే సిగ్గు.

ఇంటికి ఒక్కదాన్నే వచ్చాను. అడిగినవాళ్ళకి పనసపొట్టు బాగుందని, గచ్చు జారుతుందని, చెరువు చేప తినవద్దని చెప్పాను. మిగతాది మింగాను.

నిన్న హైమ ఫోన్ చేసింది. సబ్బు లేని గూళ్ళలో ఆడ ఎలుకలు మళ్ళీ బాగా కనిపెట్టాయట. సబ్బు గూళ్ళలో తేడా లేదట. ఇంకా చెయ్యాలట, కాని రాయడం మొదలుపెట్టిందట.

"అయితే గౌరిది తప్పేనా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి చెప్పించుకుని విన్నాను. చెవులకి ఎంత హాయి.

"మరి దాని పేరు రాయక్కర్లేదు గదా?"

"రాయకపోతే ఎలా మామ్మా? వదినకి రాలేదు, నాకొచ్చింది, కారణం ఇది అని సెప్పాలంటే ముందు వదిన పేరు సెప్పాలి."

"అంటే దాని లెక్కలో ఇంకొకటి పడతాది."

"పడతాది."

"మన సేత్తో."

"మన సేత్తోనే."

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. బయట గాలికి ఎండుతున్న చేపలు గలగలమంటున్నాయి. హలో, హలో అంటోంది హైమ.

"రాయి," అన్నాను. "దాని పేరు తప్పుల్లేకుండా రాయి. దానిది తప్పని మాత్రం ఇంకా సరిగ్గా రాయి."